కోర్టు మెట్లెక్కే ముందు ఒక గడప: అపార్ట్‌మెంట్ తగవులకు చట్టం చూపే దారులు

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరిని దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం చేరుతుంది. అక్కడి నుంచి బీజాపూర్ వెళ్లే బాటలో మద్దేడ్ వస్తుంది. తెలుగు, గోండి మాటలు కలగలిసి వినిపించే సరిహద్దు ప్రాంతమిది. ఈ రహదారి ఒక కొసన రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందకు వచ్చే అటవీ గ్రామాలున్నాయి. రెండో కొసన గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్‌లలోని బహుళ అంతస్తుల నివాస సముదాయాలున్నాయి. ఇరుగుపొరుగుల మధ్య తగవు వస్తే కోర్టుకు వెళ్లకముందే కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడుందని అడిగితే, చట్టం మొదటి కొసకు స్పష్టమైన సమాధానం ఇచ్చింది. రెండో కొసకు మాత్రం సగం సమాధానమే దొరుకుతోంది.

1996 నాటి పంచాయతీల చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరణ), అంటే పెసా, తన నాలుగో సెక్షన్‌లో ఒక మాట చెప్పింది. ప్రజల ఆచార సంప్రదాయాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని, ఉమ్మడి వనరులను, సంప్రదాయ వివాద పరిష్కార పద్ధతిని కాపాడుకొనే సామర్థ్యం ప్రతి గ్రామసభకూ ఉంటుందన్నది దాని సారాంశం. ఈ చట్టం అమలుకు ఛత్తీస్‌గఢ్ 2022లో నియమాలను ప్రకటించింది. మద్దేడ్ వంటి ఊళ్లలో గట్టు తగాదా వచ్చినా, పశువులు చేలో పడినా ఊరి పెద్దల ఎదుట కూర్చోవడానికి చట్టం ఒక స్థానం కల్పించిందని దీని అర్థం.

నగరంలోని 500 ఫ్లాట్ల సముదాయం జనాభాలో ఒక చిన్న గ్రామానికి తీసిపోదు. దానికీ ఉమ్మడి వనరులుంటాయి: నేల, నీరు, మెట్లు, లిఫ్టు, పైకప్పు, వాహనాలు నిలిపే చోటు. ఎన్నికైన కమిటీ, వసూలయ్యే రుసుము, నిబంధనల పుస్తకం కూడా ఉంటాయి. అయితే నాలుగో అంతస్తు స్నానాల గది నుంచి మూడో అంతస్తు పైకప్పుకు నీరు దిగితే మాత్రం సంఘానికి ఫిర్యాదు, వాట్సాప్ సమూహంలో వాగ్వాదం, పోలీస్ స్టేషన్, న్యాయవాది నోటీసు, ఆపై కోర్టు అన్న వరుసే కనిపిస్తోంది. నడుమ ఒక మెట్టు తప్పిపోతోంది.

ఇంటి గొడవ, సంస్థ గొడవ

అపార్ట్‌మెంట్ వివాదాలను స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చు. మొదటిది డబ్బు: నెలవారీ నిర్వహణ రుసుమును చదరపు అడుగుల లెక్కన వేయాలా, ఫ్లాటుకు సమానంగా వేయాలా, ప్రత్యేక మరమ్మతుల నిధికి ఎవరు ఎంత ఇవ్వాలి, బకాయిపై వడ్డీ ఎంత. రెండోది వినియోగం: పార్కింగ్ స్థలం, డాబా, పెంపుడు జంతువులు, బాల్కనీకి అద్దాలు బిగించడం, ఇంటిని రోజువారీ అద్దెకు ఇవ్వడం. మూడోది మరమ్మతులు: కారే గొట్టం ఇంటివారిదా, భవనానిదా. నాలుగోది అధికారం: ఎన్నికలు, లెక్కలు చూపకపోవడం, సర్వసభ్య సమావేశం పిలవకపోవడం.

వీటిలో చాలావాటి విలువ వేలల్లోనో, ఒకటి రెండు లక్షల్లోనో ఉంటుంది. అయితే రూపాయల్లో తేలని మరో విలువ ఈ వివాదాలకు ఉంది. గెలిచినవారూ ఓడినవారూ మరుసటి ఉదయం ఒకే లిఫ్టులో దిగాలి. వారి పిల్లలు ఒకే ఆటస్థలంలో ఆడుకోవాలి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న నానుడి ఇటువంటి తగవులకు అతికినట్టు సరిపోతుంది. దేశంలోని జిల్లా, కింది స్థాయి కోర్టుల్లో 4 కోట్లకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. అంత పెద్ద వరుసలో పైకప్పు చెమ్మ వంతు వచ్చేసరికి ఆ గోడకు ఎన్నిసార్లు రంగు వేయాల్సి వస్తుందో ఊహించుకోవచ్చు.

ఈ సంగతిని సుప్రీంకోర్టు 2010లోనే గుర్తించింది. ఆ ఏడాది జులై 26న ఆఫ్కాన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో వెలువడిన తీర్పు, కోర్టు వెలుపలి పరిష్కారానికి అనువైన వివాదాల జాబితాను ఇచ్చింది. వివాదం ఉన్నప్పటికీ సంబంధం కొనసాగవలసిన కేసులను అందులో ఒక తరగతిగా చేర్చింది. ఇరుగుపొరుగుల మధ్య తగవులతో పాటు, అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాల సభ్యుల మధ్య తగవులను అందులో పేరుపెట్టి ప్రస్తావించింది. కానీ ఆ తీర్పు వివరించింది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్‌ను. అది దావా దాఖలైన తర్వాత పనిచేసే ఏర్పాటు. అప్పటికే న్యాయవాదులు వస్తారు, ఆరోపణలు కాగితం మీదకు ఎక్కుతాయి, మనసులు విరిగిపోతాయి. దావాకు ముందు ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

సంఘం ఏ చట్టం కింద నమోదైంది?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారు ముందుగా సంఘం నమోదు పత్రాన్ని చూడాలి. అనేక సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఆ చట్టం విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. మరికొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. వాటి వివాదాలు సహకార ట్రైబ్యునల్‌కు వెళతాయి.

2001 చట్టంలోని 23వ సెక్షన్ చిన్నది, కీలకమైనది. సొసైటీ వ్యవహారాలపై కమిటీలో గానీ, సభ్యుల మధ్య గానీ వివాదం వస్తే, ఏ సభ్యుడైనా 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సీలియేషన్ చట్టం ప్రకారం ముందుకు వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. చట్టం రెండు తలుపులు చూపింది. ఆచరణలో జనం దృష్టి రెండో తలుపు మీదే ఉంటోంది. సొసైటీల రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు చేస్తే పనవుతుందన్న నమ్మకం కూడా బలంగా ఉంది. కానీ సభ్యుల తగవుపై విచారణ జరిపి తీర్పు చెప్పే బాధ్యతను ఈ సెక్షన్ రిజిస్ట్రార్‌కు అప్పగించలేదు.

స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే రెరా, ఈ లోటును తీరుస్తుందన్న ఆశ కూడా పూర్తిగా సరికాదు. 2016 నాటి రెరా చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు ప్రమోటర్ మీద, కొనుగోలుదారు మీద, స్థిరాస్తి ఏజెంటు మీద చేయవచ్చు. సంఘం ఏర్పడేలా చూడటం, ఉమ్మడి స్థలాలను దానికి అప్పగించడం నిర్మాణదారు బాధ్యతలు. స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోగా బయటపడే నిర్మాణ లోపాలను సరిదిద్దడమూ అతడి బాధ్యతే. సామరస్య పరిష్కార వేదికల ప్రస్తావన 32వ సెక్షన్‌లో ఉన్నా, అది ప్రమోటర్లకు, కొనుగోలుదారులకు మధ్య వచ్చే వివాదాల గురించే. మహారాష్ట్ర రెరా 2018లో నెలకొల్పిన వేదికలు ఆ కోవలోనివే. నిర్మాణదారు తప్పుకొని, సంఘం పగ్గాలు చేపట్టి, ఏళ్లు గడిచాక సభ్యుడికీ కమిటీకీ మధ్య వచ్చే తగవు ఆ చట్రంలో ఇమడదు. అందువల్ల పైకప్పు కారడం నిర్మాణ లోపమా, పై ఇంటివారి నిర్లక్ష్యమా, ఉమ్మడి గొట్టం పాతబడటమా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎవరి తలుపు తట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఒకే మాట, మూడు పనులు

చట్టం చూపిన మొదటి తలుపు తెరుచుకోకపోవడానికి భాష కూడా కొంత కారణం. తెలుగులో ఆర్బిట్రేషన్‌నూ మధ్యవర్తిత్వమనే అంటున్నాం, మీడియేషన్‌నూ మధ్యవర్తిత్వమనే అంటున్నాం. రెంటికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ఆర్బిట్రేటర్ తీర్పు చెబుతారు. అది ఇష్టం లేని పక్షాన్నీ కట్టిపడేస్తుంది. మీడియేటర్ తీర్పు చెప్పరు. ఇరుపక్షాల చేత మాట్లాడించి, వారి ఒప్పందాన్ని వారి చేతే రాయిస్తారు. ఈ రెంటికీ తోడు మూడోది కన్సీలియేషన్. ఇందులో కూర్చునే వ్యక్తి తీర్పు చెప్పరు గానీ, ఇలా చేస్తే బాగుంటుందని ఒక ప్రతిపాదనను ఇరుపక్షాల ముందు పెట్టగలరు. రాజీ కుదర్చడం అన్న వాడుక మాట దీనికి దగ్గరగా వస్తుంది.

‘మధ్యవర్తి దగ్గరకు వెళ్దాం’ అని కమిటీ అంటే, తీర్పు తనమీద రుద్దుతారేమోనని ఫ్లాటు యజమాని భయపడటం సహజం. యజమాని అదే మాటంటే, ఆర్బిట్రేషన్ ఖర్చు ఎక్కడ తేలుతుందోనని కమిటీ వెనకడుగు వేస్తుంది. పంచాయితీ అన్న మాటది మరీ విచిత్రమైన కథ. తెలుగులో అది తగవు తీర్చే సభకూ పేరే, తగవుకూ పేరే.

23వ సెక్షన్ ప్రస్తావించిన 1996 చట్టం పేరులో ఆర్బిట్రేషన్ పక్కనే కన్సీలియేషన్ కూడా ఉంది. ఆ చట్టంలోని మూడో భాగమంతా రాజీ ప్రక్రియకే కేటాయించారు. దాని పనితీరు సరళం. ఒక పక్షం రెండో పక్షాన్ని లిఖితపూర్వకంగా ఆహ్వానిస్తుంది. వివాదం ఏమిటో క్లుప్తంగా రాస్తుంది. 30 రోజుల్లో సమాధానం రాకపోతే ఆహ్వానాన్ని తిరస్కరించినట్టుగా భావించవచ్చు. అంగీకరిస్తే ఇరుపక్షాలూ కలిసి ఒక రాజీదారును ఎంచుకుంటాయి. ఆ వ్యక్తి ఇద్దరితో కలిపి మాట్లాడవచ్చు, విడివిడిగానూ మాట్లాడవచ్చు. అక్కడ జరిగిన సంభాషణ గోప్యం. రాజీ కోసం చేసిన ప్రతిపాదనలను, ఒప్పుకోళ్లను తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడుకోవడానికి వీల్లేదు. ఇరుపక్షాలూ వేరుగా అంగీకరిస్తే తప్ప రాజీదారు తర్వాత అదే వివాదంలో ఆర్బిట్రేటర్‌గా గానీ, ఒకరి తరఫు ప్రతినిధిగా గానీ ఉండకూడదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది 74వ సెక్షన్. ఇరుపక్షాలూ సంతకాలు చేసి, రాజీదారు ధ్రువీకరించిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన హోదా ఉంటుంది. అంటే మాట తప్పిన పక్షం మీద మళ్లీ మొదటి నుంచి దావా వేసుకోనక్కర్లేదు, అమలు కోసం నేరుగా కోర్టును ఆశ్రయించవచ్చు. ‘నాలుగో అంతస్తు యజమాని రెండు నెలల్లో నేల పలకలు తీయించి నీరు దిగని పూత వేయించాలి, ఖర్చులో ఉమ్మడి గొట్టానికి సంబంధించిన వాటాను సంఘం భరించాలి’ అని రాసుకున్న ఒక పుట, ఈ పద్ధతిలో అయితే వట్టి కాగితంగా మిగిలిపోదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. రాజీ చర్చలు సాగుతున్నాయన్న కారణంతో దావాకు చట్టం విధించిన కాలపరిమితిని మరచిపోకూడదు. రాజీ ప్రక్రియ నడుస్తుండగా అదే విషయంపై దావా వేయరాదన్నది నియమం. హక్కు కాపాడుకోవడానికి తప్పనిసరైనప్పుడు మాత్రం ఆ నియమానికి మినహాయింపు ఉంది.

రుసుము లేని మరో దారి

రాజీదారును వెతుక్కునే ఓపిక గానీ, ఖర్చు పెట్టే స్తోమత గానీ లేనివారికి లోక్ అదాలత్ ఉంది. అది పెండింగ్ కేసులకే పరిమితమన్న అపోహ విస్తృతంగా ఉంది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం, ఇంకా ఏ కోర్టు ముందుకూ రాని వివాదాన్ని కూడా లోక్ అదాలత్ చేపట్టవచ్చు. జిల్లా న్యాయసేవల సంస్థకు గానీ, మండల న్యాయసేవల కమిటీకి గానీ ఒక పక్షం దరఖాస్తు చేస్తే చాలు, రెండో పక్షాన్ని పిలుస్తారు. రాజీ కుదిరితే వెలువడే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. రాజీ కుదరకపోతే ఎవరి హక్కులూ పోవు, కోర్టు దారి తెరిచే ఉంటుంది.

నిర్వహణ రుసుము బకాయిల వంటి లెక్క తేలే వివాదాలకు ఈ దారి బాగా సరిపోతుంది. వడ్డీలో కొంత వదులుకొని, అసలును వాయిదాల్లో తీసుకునే ఏర్పాటు ఒక్క పూటలో ముగియవచ్చు. పార్కింగ్, పెంపుడు జంతువులు, చప్పుళ్ల వంటి వివాదాల్లో మాత్రం మనసులోని మాట బయటపడటానికే రెండు మూడు బైఠకులు పడతాయి. రద్దీగా సాగే లోక్ అదాలత్‌లో అంత వ్యవధి దొరకడం కష్టం.

రాసిన చట్టం, రాని అమలు

ఈ ఖాళీని పూరించడానికే 2023 మీడియేషన్ చట్టంలో సాముదాయిక మధ్యవర్తిత్వం పేరుతో ఒక అధ్యాయాన్ని చేర్చారు. ఒక ప్రాంతంలోని నివాసుల మధ్య, కుటుంబాల మధ్య శాంతి సామరస్యాలకు భంగం కలిగించే వివాదాన్ని, ఇరుపక్షాల ముందస్తు సమ్మతితో, ముగ్గురు మధ్యవర్తుల బృందం ఎదుట పరిష్కరించుకోవచ్చని అది చెబుతోంది. బృందంలో ఎవరుండవచ్చో చెప్పే జాబితాలో సమాజంలో గౌరవం ఉన్న వ్యక్తులతో పాటు నివాసుల సంక్షేమ సంఘాల ప్రతినిధులనూ చేర్చింది. మహిళలకు సముచిత ప్రాతినిధ్యం ఉండాలంది. ఊరి రచ్చబండను నగరంలోని నివాస సముదాయానికి తీసుకువచ్చే ప్రయత్నంగా దీన్ని చూడవచ్చు.

అయితే రెండు లోపాలున్నాయి. మొదటిది, 2023 అక్టోబర్ 9న కేంద్రం అమల్లోకి తెచ్చిన సెక్షన్ల తొలి జాబితాలో ఈ అధ్యాయానికి చోటు దక్కలేదు. చట్టం అమలుకు కావలసిన జాతీయ మండలి ఏర్పాటు వంటి సెక్షన్లకే ఆ జాబితా పరిమితమైంది. రెండోది, ఈ అధ్యాయం కింద కుదిరే ఒప్పందం శాంతి సామరస్యాల కోసమే తప్ప, సివిల్ కోర్టు డిక్రీగా అమలు చేయడానికి వీలుండదని చట్టమే స్పష్టం చేసింది. ఇరుగుపొరుగు సంబంధాల్లో నమ్మకం ముఖ్యమన్న ఆలోచన దీని వెనుక ఉండవచ్చు. కానీ లక్షల రూపాయల మరమ్మతు ఖర్చు ముడిపడి ఉన్నప్పుడు, అమలుకు హామీ లేని ఒప్పందం కోసం ఎవరైనా ఎందుకు కూర్చుంటారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

హైదరాబాద్‌లో 2021 డిసెంబర్ 18న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది. అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ చొరవతో వచ్చిన ఆ సంస్థ, సరిహద్దులు దాటిన వ్యాపార వివాదాలకు నగరాన్ని వేదికగా మలచాలని ఆశించింది. వాణిజ్య వివాదాల్లో 2018 నుంచే దావాకు ముందు మధ్యవర్తిత్వం చట్టబద్ధమైంది. తక్షణ ఉపశమనం కోరని దావాల్లో అది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వీధికుక్కలకు ఆహారం పెట్టే చోటుపై నివాసుల మధ్య వివాదం వస్తే ఎవరెవరు కమిటీగా కూర్చోవాలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు సైతం పేర్కొన్నాయి. పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి, ఫిర్యాదుదారు, సంఘం ప్రతినిధి అందులో ఉంటారు. వ్యాపారుల తగవుకూ, కుక్కల తిండి తగవుకూ ముందస్తు వేదిక ఉంది. పై ఇంటికీ కింది ఇంటికీ మధ్య తగవుకు మాత్రం అలాంటి ప్రత్యేక వేదిక ఇంకా ఆచరణలోకి రాలేదు.

ప్రవాసంలో ఎదురయ్యే నిబంధన

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికా, కెనడా రాష్ట్రాల్లో ఈ మెట్టు చట్టంలోనే ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో, శాన్ రామన్‌లోనో ఇల్లు కొన్న కుటుంబానికి గృహ యజమానుల సంఘంతో విభేదం వస్తే, అక్కడి డేవిస్-స్టెర్లింగ్ చట్టం ప్రకారం ముందుగా ముఖాముఖి చర్చకు అవకాశం ఉండాలి. సంఘం సొంత పద్ధతిని రూపొందించుకోకపోతే చట్టంలోని పద్ధతి వర్తిస్తుంది. దాని ప్రకారం సభ్యుడు కోరితే సంఘం చర్చకు నిరాకరించకూడదు. సంఘం కోరితే సభ్యుడు నిరాకరించవచ్చు. ఇందుకు సభ్యుడి నుంచి రుసుము వసూలు చేయరాదు. బలాబలాల్లో తేడాను గుర్తించి బలహీన పక్షానికి ఇచ్చిన మొగ్గు ఇది. నిబంధనల అమలు కోరే అనేక రకాల దావాలకు ముందు ప్రత్యామ్నాయ పరిష్కారానికి ఆహ్వానం పంపాలి. స్పందనకు 30 రోజులు, అంగీకరిస్తే ముగింపుకు 90 రోజులు గడువు. దావాతో పాటు ఆ ప్రయత్నం చేసినట్టు ధ్రువపత్రం జతచేయాలి. ఆహ్వానాన్ని అకారణంగా తోసిపుచ్చితే, న్యాయవాద ఖర్చులను నిర్ణయించేటప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.

టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో వంటి చోట్ల సంఘం జరిమానా విధించాలన్నా, పలు రకాల దావాలు వేయాలన్నా ముందుగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. 30 రోజుల్లోగా యజమాని కోరితే సంఘం బోర్డు అతడి వాదన వినాలి. కెనడాలోని ఒంటారియోలో 2017 నుంచి కాండోమినియం ట్రైబ్యునల్ ఆన్‌లైన్‌లోనే పనిచేస్తోంది. అక్కడ మూడు అంచెలున్నాయి. సంప్రదింపులకు 25 డాలర్లు, మధ్యవర్తిత్వానికి 50 డాలర్లు, నిర్ణయానికి 125 డాలర్లు రుసుము. తీర్పు కోరేకొద్దీ ఖర్చు పెరిగేలా, మాటలతో తేలితే చౌకగా ముగిసేలా ఆ వరుసను పేర్చారు.

మన దేశంలో మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా ఉపనిబంధనలు మరో పాఠం చెబుతాయి. సభ్యుడి ఫిర్యాదు మొదట కమిటీకి వెళ్లాలి. ఆపై ఏ విషయం రిజిస్ట్రార్‌కు, ఏది సహకార కోర్టుకు, ఏది నగరపాలక సంస్థకు, ఏది పోలీసులకు వెళ్లాలో పట్టిక ఉంటుంది. ముందు ఏ తలుపు తట్టాలో తెలియడమే సగం పరిష్కారం.

మాటలతో తేల్చకూడనివి

రాజీని పొగిడేటప్పుడు దాని హద్దులనూ చెప్పుకోవాలి. సంఘం నిధులు స్వాహా అయ్యాయన్న ఆరోపణ, బెదిరింపు, మహిళలపై వేధింపు, కులం పేరిట అవమానం, భవన భద్రతకు ముప్పు వంటివి గదిలో కూర్చుని మాట్లాడి సర్దుకోవలసిన విషయాలు కావు. అక్కడ పోలీసులు, నగరపాలక సంస్థ, కోర్టులే దిక్కు.

గ్రామ పంచాయితీలను ఆదర్శంగా చూపడంలోనూ ప్రమాదం ఉంది. పెద్దమనుషుల సభల్లో మహిళల గొంతు వినిపించని సందర్భాలు, కుల బహిష్కారాలు మన సమాజానికి కొత్త కాదు. పెళ్లిళ్ల విషయంలో ఖాప్ పంచాయతీల జోక్యాన్ని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా గర్హించింది. ఇక బస్తర్ ప్రాంతానికి మరో చేదు అనుభవం ఉంది. తుపాకీ నీడలో సాగిన ‘ప్రజాకోర్టు’లు శిక్షలు విధించాయే గానీ తగవులు తీర్చలేదు. సమ్మతి లేని చోట జరిగేది రాజీ కాదు. పెసా కాపాడదలచిన సంప్రదాయానికి, సంప్రదాయం ముసుగులోని పెత్తనానికి మధ్య గీత ఇదే.

నివాస సముదాయాల్లోనూ ఈ గీత చెరిగిపోవడం చూస్తుంటాం. బకాయి ఉన్నవారి పేర్లను లిఫ్టు పక్కన అతికించడం, వారి ఇంటి పనివారిని గేటు దగ్గర ఆపడం, నీటి గొట్టం కట్టేయడం వంటివి వసూలు పద్ధతులుగా చెలామణి అవుతున్నాయి. బకాయి వసూలు సంఘం హక్కే. కొందరు చెల్లించకపోతే ఆ భారం సక్రమంగా చెల్లించేవారిపై పడుతుందన్న కమిటీ ఆవేదన కూడా న్యాయమైనదే. కానీ విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టని వినియోగదారుకు సరఫరా నిలిపే అధికారం పంపిణీ సంస్థది. అదీ 15 రోజుల లిఖితపూర్వక నోటీసు తర్వాతే. ఒక ఇంటి కరెంటు మీటరు మీద చేయి వేసే అధికారం సంఘానికి అందులో ఎక్కడా లేదు. అలాగే మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు జంతువులను నిషేధించరాదని, లిఫ్టు వాడకుండా వాటిని అడ్డుకోరాదని 2015 ఫిబ్రవరిలో భారత జంతు సంక్షేమ బోర్డు జారీచేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెజారిటీ ఓటు ప్రతి హక్కునూ తుడిచిపెట్టలేదు.

మరో వర్గం అసలు చర్చలోకే రాదు. అద్దెకు ఉంటున్నవారు సంఘంలో సభ్యులు కారు కాబట్టి 23వ సెక్షన్ వారికి అక్కరకు రాదు. నిబంధనలు, జరిమానాలు మాత్రం వారి గుమ్మం దాకా వస్తాయి. ఎలాంటి ముందస్తు వేదికనైనా రూపొందించేటప్పుడు అక్కడ నివసించేవారందరికీ అందులో చోటు ఉండాలి.

ఉపనిబంధనల్లో ఒక పుట

కొత్త చట్టం కోసమో, నోటిఫికేషన్ కోసమో ఎదురుచూడకుండా సంఘాలు తమంతట తాము చేయగల పని ఒకటుంది. సర్వసభ్య సమావేశంలో ఉపనిబంధనలను సవరించి, వివాద పరిష్కారానికి ఒక పుట కేటాయించడం. అందులో ఫిర్యాదును రాతపూర్వకంగా స్వీకరించి తేదీ వేసి రసీదు ఇవ్వాలన్న నియమం ఉండాలి. కమిటీ నిర్ణీత గడువులో కారణాలతో సమాధానం ఇవ్వాలి. అది తృప్తినివ్వకపోతే ప్రస్తుత కమిటీతో సంబంధం లేని సభ్యులతో ఏర్పడిన ఫిర్యాదుల ఉపసంఘం ఇరుపక్షాల మాట వినాలి. ఆ తర్వాత 1996 చట్టం మూడో భాగం కింద బయటి రాజీదారును పిలవాలి. సముదాయంలోనే ఉండే విశ్రాంత న్యాయమూర్తినో, ఇంజినీరునో ఆ పనికి పిలవడం తేలికే గానీ, వారికి ఇరుపక్షాల్లో ఎవరితోనూ చుట్టరికమో, స్నేహమో ఉండకూడదు. చెమ్మ వంటి సాంకేతిక తగవుల్లో ఇరుపక్షాలూ అంగీకరించిన ఒకే నిపుణుడి నివేదికతో మొదలుపెడితే సగం వాదన తగ్గుతుంది. ఈ ప్రక్రియ పూర్తయ్యేదాకా జరిమానా వసూలును, పేర్ల ప్రదర్శనను నిలిపివేయాలి. అదే సమయంలో వివాదం లేని రుసుమును సభ్యుడు చెల్లిస్తూ ఉండాలి. చివరగా, కోర్టు తలుపు మూసేసే నియమం ఏదీ అందులో ఉండరాదు.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. సాముదాయిక మధ్యవర్తిత్వ అధ్యాయానికి ప్రాణం పోయడం కేంద్రం చేతిలో ఉంది. సంఘాలకు నమూనా ఉపనిబంధనలను తెలుగులో, అర్థమయ్యే మాటల్లో అందించడం రాష్ట్రాల చేతిలో ఉంది. ఒకే మాటతో మూడు వేర్వేరు ప్రక్రియలను పిలిచే అయోమయం తొలగితేనే సామాన్యుడు తన హక్కును గుర్తుపట్టగలడు.

పెసా చట్టం మద్దేడ్ వంటి గ్రామాలకు తీర్పుల గ్రంథం ఇవ్వలేదు. కూర్చుని మాట్లాడుకునే పద్ధతి మీకుంది, దాన్ని కాపాడుకోండి అని మాత్రమే చెప్పింది. జాతీయ రహదారి రెండో కొసన ఉన్న సముదాయాలకు సమావేశ మందిరాలున్నాయి, కుర్చీలున్నాయి, నిబంధనల పుస్తకాలున్నాయి. చెమ్మ పట్టిన గోడ ఫొటో న్యాయవాది కార్యాలయానికి చేరకముందే, ఆ రెండిళ్లవారినీ ఆ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టే నియమం ఒక్కటే ఇంకా రాసుకోవలసి ఉంది.